పిల్లి ముందు కాలు బాగా వాచింది – పర్లాకిమిడిలో సరిగ్గా చూసేవాళ్లు ఎవరున్నారు?

కిమిడి కోడలు · సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పిల్లి పేరు జాంగ్రీ. మగది, రెండేళ్లు ఉంటాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు, రాత్రయితే ఊరి మీద పడి తిరుగుతుంది. మొన్నొక రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున్న పెరటి గోడ మీంచి మూడు కాళ్ల మీద దిగింది. ఎడమ ముందు కాలు నేలకి ఆనించట్లేదు. పాదం ఉబ్బిపోయి వేళ్లు విడివిడిగా విచ్చుకుని ఉన్నాయి. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే గుర్రుమంటోంది. రోజంతా బీరువా వెనకాల చేరి అదే పనిగా నాక్కుంటోంది.

మా చుట్టుపక్కల ఒకచోట చూపించాం. బుట్ట మూత పూర్తిగా తియ్యకుండానే వీపు మీద ఒక సూది పొడిచి "దెబ్బ తగిలుంటుంది, తగ్గిపోద్ది" అన్నారు. కాలు ముట్టుకోలేదు, చీటీ రాయలేదు. వాపు తగ్గలేదు సరికదా, ఇవాళ ఇంకా పెరిగింది. మా అత్తగారు పసుపూ సున్నం కలిపి పట్టు వేద్దామంటున్నారు. మా ఆయన వైజాగ్ తీసుకెళ్దామంటున్నారు. ఆవుల్నీ మేకల్నీ చూసే డాక్టర్లు పిల్లిని చూస్తారా అసలు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ రైలుబండి · సోమవారం, రాత్రి 9:41

అక్కా, ముందు ఇవి చెప్పండి. తింటోందా? ఒంటికి సరిగ్గా పోస్తోందా? పాదం దగ్గర చెడు వాసన వస్తోందా? ఒళ్లు వేడిగా ఉందా? కుదిరితే రెండు ముందు కాళ్లూ పక్కపక్కన కనిపించేట్టు ఫోటో తీసి పెట్టండి. ఒక్క కాలే చూస్తే వాపు ఎంతో తెలీదు.

బొబ్బిలి బుల్లోడు · సోమవారం, రాత్రి 9:55

మా కుక్కకి కాలు బెణికితే పారాసిటమాల్ మాత్ర పావు ముక్క పెరుగన్నంలో కలిపి పెట్టాం. మర్నాటికి పరుగులు తీసింది. పిల్లి చిన్నది కాబట్టి అందులో సగం పెట్టి చూడండి. రాత్రికైనా నొప్పి తగ్గుతుంది కదా.

బరంపురం పశువైద్యుడు · సోమవారం, రాత్రి 10:02

పెట్టకండి! పొరపాటున కూడా పెట్టకండి. బుల్లోడు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ అది తీసేస్తే మంచిది. వేరే ఎవరైనా చదివి పాటిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. అది విషంగా మారి రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తుంది. రక్తం ఉన్నా అది ప్రాణవాయువుని మొయ్యలేదు. గంటల్లోనే చిగుళ్లు మట్టిరంగుకి తిరుగుతాయి, ఎగశ్వాస వస్తుంది, మొహమూ పాదాలూ వాస్తాయి. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి, అందులో ముక్కయినా ప్రమాదమే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా మన చేత్తో పెట్టకూడదు. కుక్కకి పనిచేసింది కదా అన్న లెక్క పిల్లి దగ్గర చెల్లదు.

కోడలు గారూ, పసుపు–సున్నం సంగతి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. పైగా పిల్లి కాలికి ఏది రాసినా అది చేరేది కడుపులోకే. డెట్టాల్, ఫినాయిల్, పశువుల పుండ్లకి పోసే టర్పెంటాయిల్, ఏవీ దగ్గరికి రానివ్వకండి. ఈ రాత్రికి దాన్ని ఒక గదిలో పెట్టి తలుపు వెయ్యండి, ఎక్కీ దూకీ చెయ్యకుండా. మంచినీళ్లు, వాసన గట్టిగా వచ్చే చేపన్నం పెట్టండి. ఆ ఇంజక్షన్ ఏమిటో రేపు పొద్దున్నే ఫోన్ చేసి అడిగి రాసుకోండి. అది స్టెరాయిడ్ అయితే, దాని మీద నొప్పి మందు పడితే పొట్టలో పుండ్లు, కిడ్నీ దెబ్బ. తర్వాత చూసే డాక్టరుకి ఆ పేరు తెలియాలి.

బొబ్బిలి బుల్లోడు · సోమవారం, రాత్రి 10:10

అయ్యో, తెలీదు సార్. తీసేయమని అడ్మిన్‌కి చెప్పాను.

అడ్మిన్ · సోమవారం, రాత్రి 10:25

తియ్యట్లేదు. కింద డాక్టరు గారి జవాబు ఉంది కాబట్టి అలాగే ఉండనిస్తే ఇంకో నలుగురికి తెలుస్తుంది.

కాశీనగరం పెద్దాయన · సోమవారం, రాత్రి 10:48

నా వయసు డెబ్బై దాటింది. వంశధార ఒడ్డున మా ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు పిల్లులు ఉండేవి. ఏ పిల్లికీ డాక్టరు చూపించలేదు. దెబ్బ తగిలితే అటక మీద పడుకునేవి, నాక్కునేవి, లేచి తిరిగేవి. పిల్లి నాలుకే పిల్లికి మందు. ఇప్పుడు వాపు అంటే వైజాగు, తుమ్ము అంటే భువనేశ్వర్.

జయపురం జ్యోతి · సోమవారం, రాత్రి 11:05

పెద్దాయనా, లేచి తిరిగినవి మీకు గుర్తున్నాయి. అటక మీంచి దిగనివి ఎన్నో ఎవరు లెక్కపెట్టారు చెప్పండి?

కాశీనగరం పెద్దాయన · సోమవారం, రాత్రి 11:09

గడుసు పిల్లవి. అయినా నా మాట నాదే.

కిమిడి కోడలు · మంగళవారం, ఉదయం 6:30

డాక్టరు గారూ, మీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. సున్నం డబ్బా మళ్లీ అలమార్లో పెట్టేశారు. రాత్రి చేప కాస్త తింది, నీళ్లు తాగింది. ఒంటికి పోసింది. చెడు వాసన కొద్దిగా ఉంది. ఇంజక్షన్ గురించి ఫోన్ చేస్తే "యాంటీబయాటికే అమ్మా" అన్నారు. పేరు అడిగితే గుర్తు లేదన్నారు. ఫోటో పెట్టాను చూడండి.

బరంపురం పశువైద్యుడు · మంగళవారం, ఉదయం 7:15

చూశాను. మగపిల్లి, రాత్రి తిరుగుడు, ఒక్క కాలు వాపు అంటే నా మొదటి అనుమానం కాట్లాట. పిల్లి కోర సూదిలా దిగుతుంది. పైన చిల్లు ఒక పూటకే మూసుకుపోతుంది, లోపల క్రిములు మిగిలిపోతాయి. రెండు రోజులకో మూడు రోజులకో చీము గడ్డ కడుతుంది. అది కోసి చీము తీస్తేగానీ మందు ఒక్కదానితో లొంగదు. ముల్లు దిగడం, గోరు ఊడటం, వేలి ఎముక విరగడం కూడా ఉండొచ్చు. ఫోటో చూసి తేల్చేది కాదు. జుట్టు తీసి చూడాలి.

గుణుపురం అత్తమ్మ · మంగళవారం, ఉదయం 7:40

అమ్మాయ్, ఫోటో పెద్దది చేసి చూశాను. నాకొక్కటి చెప్పు. వాపు పైకి పోను పోను తగ్గుతూ వచ్చిందా, లేకపోతే గీత గీసినట్టు ఒక్కచోట ఆగిపోయిందా? నేను కోళ్లు పెంచుతాను. వాటి కాళ్లకి వెంట్రుకలూ దారం పోగులూ చుట్టుకుంటాయి. చుట్టుకున్న చోట సన్నగా నొక్కేసి ఉంటుంది, కింద వేళ్లు బూరెల్లా ఉబ్బుతాయి. ఈకల్లేని కాలు కాబట్టి కోడికి కనబడుతుంది. పిల్లికైతే జుట్టు కప్పేస్తుంది.

కిమిడి కోడలు · మంగళవారం, ఉదయం 7:58

అత్తమ్మా, మీరన్నాక టార్చి వేసి చూశాను. మణికట్టు దగ్గర ఒక్కసారిగా ఆగిపోయింది. పైన మామూలుగా ఉంది. గీత ఉన్నచోట జుట్టు తడిగా అంటుకుపోయి ఉంది. ముట్టుకోనివ్వట్లేదు.

బరంపురం పశువైద్యుడు · మంగళవారం, ఉదయం 8:04

గుణుపురం అత్తమ్మ గారికి నమస్కారం. నేను కాట్ల దగ్గరే ఆగిపోయాను, మీరు అసలు చోటు పట్టారు. కోడలు గారూ, అలా గీత కట్టినట్టు ఉంటే ఇవాళే చూపించాలి, రేపటికి వాయిదా వద్దు. దారమో రబ్బరు బ్యాండో బిగిస్తే కింది వేళ్లకి రక్తం అందదు. వేళ్లు వెచ్చగా, గులాబీ రంగులో ఉన్నంతవరకు కాలు దక్కుతుంది. చల్లబడి నల్లబడితే వేలు తీసేయాల్సి రావచ్చు. మీరే కత్తెర పెట్టి తియ్యబోకండి. చర్మం ఎక్కడుందో దారం ఎక్కడుందో తెలీదు, దాని కోరలు మీ చేతిలో దిగుతాయి.

రాయగడ రైలుబండి · మంగళవారం, ఉదయం 8:12

ఇక వైజాగ్ మాట వదిలెయ్యండి అక్కా. రోడ్డు మీద నాలుగు గంటలు బుట్టలో కూర్చోబెడితే అది బెదిరిపోవడం తప్ప లాభం లేదు. పర్లాకిమిడి జిల్లా కేంద్రం. ఊళ్లోనే సర్కారు పశువుల ఆసుపత్రి ఉంది, అక్కడ చదువుకున్న డాక్టర్లు ఉంటారు.

వైజాగ్‌లో ఒడిశా పిల్ల · మంగళవారం, ఉదయం 8:20

నేను దీనికి ఒప్పుకోను. మాదీ మీ వైపే, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటున్నాం. సర్కారు ఆసుపత్రుల్లో పిల్లిని సరిగ్గా చూడరు. ఇప్పటికే ఒకరు చూడకుండా సూది వేశారు కదా! ఇక్కడైతే ఎక్స్‌రే, మత్తు, రక్తపరీక్ష అన్నీ ఒక్కచోటే. ప్రాణం ముఖ్యమా, దూరం ముఖ్యమా?

గుణుపురం అత్తమ్మ · మంగళవారం, ఉదయం 8:33

చూడరు అని ముందే అనేసుకుంటే ఎలా తల్లీ. మా ఊళ్లో మా పక్కింటివాళ్ల పిల్లికి తోక నలిగితే బ్లాకు పశువుల డాక్టరే కుట్లు వేశాడు. చూడకపోవడానికి కారణం ఉంటుంది. మనం గోనెసంచిలో పెట్టి, మిట్టమధ్యాహ్నం, ఆవుల వాళ్లూ మేకల వాళ్లూ కిక్కిరిసిన వేళ పట్టుకెళ్తాం. సంచి విప్పితే అది కిటికీ ఎక్కి కూర్చుంటుంది. డాక్టరు మాత్రం ఏం చేస్తాడు, పైనుంచి ఒక సూది పొడిచి పంపిస్తాడు. మనం ఎలా తీసుకెళ్లామన్న దాని మీదే సగం వైద్యం ఆధారపడి ఉంటుంది.

కోడలమ్మా, ఇలా చెయ్యి. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట తీసుకో, కూరగాయలది. పక్కనుంచి కాకుండా పైనుంచి తెరుచుకునేది అయితే మేలు. అడుగున పాత లుంగీ పరువు, దాని వాసన ఉన్నది. పెద్ద తువాలు ఒకటి పట్టుకెళ్లు. వెళ్లే ముందు ఇంట్లో బరువు చూడు. నువ్వు దాన్ని ఎత్తుకుని మిషన్ ఎక్కు, తర్వాత ఒక్కదానివే ఎక్కు, రెండింటి తేడా రాసుకో. మందంతా బరువు లెక్కనే కదా. ఆసుపత్రి తలుపు తీసే వేళకే వెళ్లు. "సూది వద్దు సార్, జుట్టు గొరిగి చూడండి, దారం ఉందని అనుమానం" అని తిన్నగా చెప్పు.

బరంపురం పశువైద్యుడు · మంగళవారం, ఉదయం 8:41

అత్తమ్మ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. నేను ఒక్కటే కలుపుతాను. ఇప్పట్నుంచి తిండి పెట్టకండి, నీళ్లు పర్వాలేదు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. చివర ఎప్పుడు తిందో డాక్టరుకి చెప్పండి.

ఇంకోటి కూడా తెలిసి ఉండాలి. ఆసుపత్రిలో ఉండే అందరూ డాక్టర్లు కాదు. ఊళ్లలో తిరిగే ఎల్.ఐ.లు (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్లు, పాతవాళ్లు స్టాక్‌మ్యాన్ అంటారు) పశువులకి ఎంతో సేవ చేస్తారు, నేను వాళ్లతో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. కానీ 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వాళ్లు చిన్నచిన్న చికిత్సలే చెయ్యాలి, అదీ డాక్టరు పర్యవేక్షణలో. పిల్లికి మత్తు ఇచ్చి కాలు చూడటం బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చదివిన డాక్టరు పని. "డాక్టరు గారు ఉన్నారా" అని అడగండి, అందులో తప్పేం లేదు.

వైజాగ్ అమ్మాయి మాట కొట్టిపారేయను. ఎముక విరిగి రాడ్డో ప్లేటో వెయ్యాల్సి వస్తే పెద్ద చోటికి పోవాల్సిందే. మీ వైపు నుంచి అయితే గరివిడి వెటర్నరీ కాలేజీ, లేదా వైజాగ్. ఒడిశాలో అయితే భువనేశ్వర్‌లో ఓయూఏటీ (వ్యవసాయ విశ్వవిద్యాలయం) వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి. కానీ దారం కోయడానికి అంత దూరం అక్కర్లేదు, ఆలస్యమే నష్టం.

సిరొంచ శీను · మంగళవారం, ఉదయం 9:10

మేం మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా కొసన. మాకు జిల్లా కేంద్రం రెండొందల కిలోమీటర్ల పైన. అందుకే వంతెన దాటి మంచిర్యాల పోతాం. 1962కి ఫోన్ చేస్తే బండి ఇంటికే వస్తుందంటారు కదా, పిల్లికి కూడా వస్తుందా?

బరంపురం పశువైద్యుడు · మంగళవారం, ఉదయం 9:22

1962 సంచార పశువైద్య వాహనాల నంబరు. ఒడిశాలో, మహారాష్ట్రలో, ఆంధ్రలో అదే. ప్రధానంగా పాడి రైతుల కోసం పెట్టింది, ఈనిక కష్టమైన ఆవు ఉంటే ముందు అటే పోతుంది, పోవాలి కూడా. పిల్లి గురించి ఫోన్ చేసి అడగండి. బండి రాకపోయినా దగ్గర్లో ఏ డాక్టరు ఉన్నాడో చెప్తారు.

కిమిడి కోడలు · మంగళవారం, మధ్యాహ్నం 2:15

వచ్చేశాం. దారమే!

మొత్తం చెప్తాను. తలుపు తీసే వేళకే వెళ్లాం. మాకంటే ముందు ఒక మేక, ఒక దూడ మాత్రం ఉన్నాయి. డాక్టరు గారు ఒడియాలో మాట్లాడతారు, కాంపౌండరు గారిది పాతపట్నం, ఆయన తెలుగు. అత్తమ్మ చెప్పినట్టే చెప్పాను. డాక్టరు గారు నవ్వి "మీరే కనిపెట్టేశారా" అన్నారు. బరువు అడిగారు, 3.8 కిలోలని చెప్పాను. చివర ఎప్పుడు తిందని అడిగారు. ఏ కాగితమూ వెతుక్కోకుండా జవాబు చెప్తుంటే పరీక్షకి చదువుకుని వెళ్లినట్టు అనిపించింది.

బుట్టలోనే తువాలు కప్పి, పైనుంచి పట్టుకుని వెనక తొడలో మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. కాసేపటికి మెడ వాల్చేసింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నాకు గుండె ఆగినంత పనైంది. కాంపౌండరు గారు "ఈ మత్తులో అలాగే ఉంటుందమ్మా" అని కళ్లల్లో ఏదో ఆయింట్‌మెంట్ పెట్టారు.

తర్వాత వంకర కత్తెరతో జుట్టు కత్తిరించి, బ్లేడుతో మణికట్టు చుట్టూ గొరిగారు. మొదట ఏమీ కనబడలేదు, ఎర్రటి గాడి ఒకటి, దాని నిండా పసుపురంగు చీము. ఉప్పునీళ్లు సిరంజిలో పట్టి ధారగా కొడుతుంటే అడుగున ఆకుపచ్చగా ఏదో మెరిసింది. చేపల వల దారం, నైలాన్‌ది. నాలుగైదు చుట్లు తిరిగి ముడి పడిపోయింది. మొన కూడా లేని చిన్న కత్తెర దాని కిందకి దూర్చి ఒక్కో చుట్టూ తెంపారు. తెంపిన ప్రతిసారీ టిక్‌మని చప్పుడు. ఆఖరి చుట్టు చర్మంలోకి దిగిపోయి ఉంది, పట్టకారుతో లాగితే దాంతోపాటు కొంచెం రక్తం వచ్చింది. డాక్టరు గారు వేళ్ల మెత్తలు ఒక్కొక్కటి నొక్కి చూపించారు. నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్లీ గులాబీ రంగు వస్తోంది. "రక్తం తిరుగుతోంది, అదృష్టం" అన్నారు. బయటి వేలు ఒక్కటి మాత్రం కాస్త ఊదాగా ఉంది. దాని సంగతి చూడాలట.

కుట్లు వెయ్యలేదు. చీము పట్టిన పుండు మూస్తే లోపలే కుళ్లుతుందని వదిలేశారు. యాంటీబయాటిక్ సిరప్ రాశారు, నొప్పికి ఒక ఇంజక్షన్ ఇచ్చారు. పేరూ మోతాదూ చీటీ మీద ఉన్నాయి. మందులు బయట కొన్నాం, ఆటో ఖర్చే దానికంటే ఎక్కువైంది.

మహేంద్రతనయ ఒడ్డున వలలు ఆరేస్తారు కదా, అక్కడ చేప ముక్కల కోసం దూరి ఉంటుంది.

గుణుపురం అత్తమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 2:31

బతికించావమ్మా. నా కోళ్లకి ఇవాళ రెండు పిడికిళ్లు నూకలు ఎక్కువ వేస్తాను.

వైజాగ్‌లో ఒడిశా పిల్ల · మంగళవారం, మధ్యాహ్నం 2:50

సరే, ఈసారికి మీదే పైచేయి. అయినా మొదట చూపించినచోట కూడా డాక్టరే కదా ఉంది? అందరూ ఇలా చూస్తే నేనెందుకు వైజాగ్ అంటాను.

బరంపురం పశువైద్యుడు · మంగళవారం, మధ్యాహ్నం 3:10

ఆ మాట నిజమే, నేను వెనకేసుకురాను. పెద్ద పశువుల పనిలో పడి పిల్లి అంటే చిరాకు పడేవాళ్లు మాలో ఉన్నారు. కాలు నొప్పి అంటే కాలు చూడాలి, అంతే. చూడకుండా ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఇచ్చినా దారం కరగదు కదా.

కోడలు గారూ, మత్తు పూర్తిగా దిగేదాకా మంచం మీదా అరుగు మీదా పెట్టకండి, తూలి పడుతుంది. వెచ్చగా, వెలుతురు లేనిచోట నేల మీదే పడుకోబెట్టండి. సరిగ్గా నడిచేదాకా తిండి వద్దు. రేపటినుంచి పూటకోసారి, అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీ చెంచా ఉప్పు వేసి, దూదితో కాకుండా గుడ్డతో తుడవండి. దూది పోగులు పుండులో అంటుకుంటాయి. పొవిడోన్ అయోడిన్ వాడమని మీ డాక్టరు చెప్తే పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలపండి, చిక్కగా వద్దు. గట్టిగా కట్టు కట్టకండి. ఇప్పుడే ఒక కట్టు విప్పారు, మళ్లీ ఇంకోటి ఎందుకు. మట్టిపెట్టెలో ఇసుక, బూడిద తీసేసి చింపిన పేపరు ముక్కలు వెయ్యండి. సిరప్ మధ్యలో మానకండి. రెండు రోజులు వరసగా తినకపోతే మాత్రం వెంటనే తీసుకెళ్లండి. ఉపవాసం పిల్లికి కాలేయం మీద కొడుతుంది.

కాశీనగరం పెద్దాయన · మంగళవారం, సాయంత్రం 5:05

పుండు పడింది కదా, టీటీ ఇంజక్షన్ వేయించారా? మనుషులకి ఇనుము గీసుకున్నా వేస్తారు.

బరంపురం పశువైద్యుడు · మంగళవారం, సాయంత్రం 5:30

మంచి ప్రశ్న పెద్దాయనా. ధనుర్వాతం గుర్రానికీ మనిషికీ వచ్చినంత తేలిగ్గా పిల్లికీ కుక్కకీ రాదు. పుట్టుకతోనే వాటికి తట్టుకునే శక్తి ఎక్కువ. అందుకని వాటికి మామూలుగా టీటీ వెయ్యరు.

జయపురం జ్యోతి · మంగళవారం, సాయంత్రం 6:12

పిల్లికి టీటీ సరే, మనుషుల సంగతి ఎవరూ అడగలేదు. నేను సర్కారు ఆసుపత్రిలో నర్సుని, అందుకే అడుగుతున్నా. అక్కా, ఇన్ని రోజుల్లో అది ఎవరినైనా గీరిందా, కరిచిందా?

కిమిడి కోడలు · మంగళవారం, సాయంత్రం 6:20

మా ఆయన్ని బుట్టలో పెట్టేటప్పుడు గీరింది. మోచేతి కింద, కొంచెం రక్తం వచ్చింది. కడుక్కున్నారు.

జయపురం జ్యోతి · మంగళవారం, సాయంత్రం 6:31

పిల్లికి రేబిస్ టీకా వేయించారా?

కిమిడి కోడలు · మంగళవారం, సాయంత్రం 6:34

లేదు.

జయపురం జ్యోతి · మంగళవారం, సాయంత్రం 6:47

అయితే అన్నయ్యని రేపు పొద్దున్నే జిల్లా ఆసుపత్రికి పంపండి. రాత్రిళ్లు బయట తిరిగే పిల్లి, టీకా లేదు, రక్తం వచ్చింది. మాకు వచ్చేవాళ్లలో "ఇంటి పిల్లే కదా" అనేవాళ్లే ఎక్కువ. ఇప్పుడైనా సబ్బుతో పావుగంట సేపు ధారగా పారే నీళ్ల కింద కడగమనండి. పసుపు, కారం అద్దకండి. టీకా సర్కారు ఆసుపత్రుల్లో ఉచితం. చేతి చర్మంలోకి ఇస్తారు, మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. రక్తం వచ్చిన గాయానికి ఇంకో ఇంజక్షన్ గాయం దగ్గరే ఇవ్వాల్సి ఉంటుంది, అది అక్కడి డాక్టరు చూసి చెప్తారు. పిల్లి కాలు తగ్గాక దానికీ టీకా వేయించండి, ఏడాదికోసారి.

కాశీనగరం పెద్దాయన · మంగళవారం, సాయంత్రం 7:02

ఒక గీతకి ఇన్ని సూదులా?

జయపురం జ్యోతి · మంగళవారం, సాయంత్రం 7:05

ఆ జబ్బు వచ్చాక వెయ్యడానికి సూది ఒక్కటీ లేదు పెద్దాయనా.

కిమిడి కోడలు · బుధవారం, ఉదయం 10:40

మొదటి డోసు వేయించుకుని వచ్చారు. గాయం దగ్గర కూడా వేశారట. పిల్లి మీద అలక.

జాంగ్రీ రాత్రి లేచి తింది. ఒక సమస్య. పుండు నాక్కుంటోంది, చూస్తున్నంతసేపు ఊరుకుంటుంది, మనం వెనక్కి తిరిగితే మొదలు. డాక్టరు గారు మెడకి కాలర్ వెయ్యమన్నారు గానీ ఇక్కడ మెడికల్ షాపుల్లో దొరకలేదు.

రాయగడ రైలుబండి · బుధవారం, ఉదయం 11:15

పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే చాలు అక్కా. ప్రతి ఇంట్లో మావయ్యగారి మోకాలిదో నడుముదో ఒకటి ఉంటుంది.

కిమిడి కోడలు · శనివారం, సాయంత్రం 4:50

మావయ్యగారి నడుము జాంగ్రీ మెడకి ఎక్కింది.

డాక్టరు గారికి మళ్లీ చూపించాం. వాపు సగానికి పైగా దిగింది, గాడి కింద నుంచి ఎర్రటి కొత్త కండ వస్తోంది. అడుగు నేలకి ఆనిస్తోంది. బయటి వేలు రంగు మామూలుకి వచ్చింది గానీ గోరు లోపలికి ముడుచుకోవట్లేదు, బయటికే ఉండిపోయింది. లోపల ఏదో దెబ్బతిని ఉండొచ్చు, ఇంకొన్నాళ్లు చూద్దామన్నారు. పూర్తిగా మానాక పిల్లలు పుట్టకుండా ఆ ఆపరేషన్ చేయిస్తే తిరుగుడు, కొట్లాటలు తగ్గుతాయన్నారు. మా అత్తగారు "దాని కాపురం దానిది, మనకెందుకు" అంటున్నారు. అది ఇంకా తేలలేదు.

బరంపురం పశువైద్యుడు · శనివారం, సాయంత్రం 5:20

ఆ గోరు పెరిగి వంపు తిరిగి మెత్తలో గుచ్చుకోవచ్చు. రెండు మూడు వారాలకోసారి కొన కత్తిరించండి. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే లోపల గులాబీ గీత కనబడుతుంది, దాని జోలికి పోకుండా తెల్లటి కొన మాత్రమే. మీ అత్తగారితో ఆపరేషన్ గురించి వాదించకండి. ఈసారి వల దారం ఖర్చు లెక్క చెప్పండి చాలు.

కాశీనగరం పెద్దాయన · శనివారం, రాత్రి 8:15

అమ్మా కోడలా, ఆ ఎక్స్‌రే ఫిల్ముది ఎలా చేశావో కాస్త వివరంగా చెప్తావా. మా మనవరాలి పిల్లికి చెవి వెనక పుండు. గోకి గోకి పెద్దది చేసుకుంటోంది. మా దగ్గర నా ఛాతీ ఫోటో ఉంది.

కిమిడి కోడలు · శనివారం, రాత్రి 8:40

తప్పకుండా మావయ్యగారూ. ముందు గోరువెచ్చటి నీళ్లలో సబ్బు వేసి ఫిల్ము కడిగి ఆరబెట్టండి. గుండ్రంగా కత్తిరించి మధ్యలో మెడకి సరిపడా రంధ్రం చెయ్యండి. అంచు నుంచి రంధ్రం దాకా ఒకచోట తెంపితే గరాటులా చుట్టుకుంటుంది. రంధ్రం అంచు మెడకి గీసుకోకుండా దూది పెట్టి ప్లాస్టర్ అంటించండి. మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ముందువైపు దాని ముక్కు కంటే ఒక అంగుళం ఎక్కువ పొడుగుండాలి, తక్కువైతే వంగి నాకేస్తుంది. తిండి పళ్లెం చిన్నది పెట్టండి, గరాటు దాని మీద బోర్లించినట్టు వచ్చేలా. మొదటి రోజు వెనక్కి వెనక్కి నడుస్తుంది, గోడలకి కొట్టుకుంటుంది, కంగారు పడకండి. చెవి పుండు మాత్రం జుట్టు తీయించి డాక్టరుకి చూపించండి, కాశీనగరం పశువుల ఆసుపత్రి పొద్దున్న తీసే వేళకి.

కాశీనగరం పెద్దాయన · శనివారం, రాత్రి 8:52

బుట్ట వెతుకుతున్నాం.